కిటికీలో మనిషి కూర్చున్నాడు

"ఆయన నిలబడలేదండీ. కూర్చున్నాడు."

వెనక వరసలోంచి ఆ మాట వచ్చేసరికి, తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడ్డ రస్సెల్ బర్కెట్ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ సంగతి అతనితో ఎవరూ అనలేదు. ఎవరైనా అంటారని అతను కలలో కూడా అనుకోలేదు.

నవంబరు నెల, శనివారం మధ్యాహ్నం. ప్రెస్టన్ స్టేషన్ పక్క హోటల్లో పై అంతస్తు హాలు. బయట వాన, లోపల ముప్ఫై నాలుగు మంది, టీ కప్పులు, బిస్కెట్ల పళ్ళెం. వీళ్ళందరినీ ఒకచోట చేర్చింది 'కర్ల్యూ' అనే అంతరిక్ష నౌక. నిజం నౌక కాదు. ఇరవై ఏళ్ళ కిందట గురువారం సాయంత్రాల్లో టీవీలో వచ్చి, రెండేళ్ళు నడిచి, కథ తేలకుండానే ఆగిపోయిన సీరియల్లోది. ఇంటి దారి తప్పిన నలభై మంది అందులో తిరుగుతూ ఉంటారు. వాళ్ళు ఇల్లు చేరారో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ నౌక పొడవెంతో సీరియల్లో ఎవరూ ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోతే మానె, మనకెందుకు అనుకునేవాళ్ళు మామూలు మనుషులు. ఈ ముప్ఫై నాలుగు మందీ ఆ బాపతు కాదు. అందులోనూ రస్సెల్ అసలే కాదు.

అతను బారో ఊళ్ళో ఓడలు కట్టే చోట డ్రాఫ్ట్స్‌మన్. వయసు ముప్ఫై ఒకటి. జలాంతర్గాముల్లో ఏ గొట్టం ఎటునుంచి ఎటు పోవాలో గీయడం ఉద్యోగం. ఇంటికొచ్చాక వీడియో టేపు ఆపి, టీవీ అద్దానికి ట్రేసింగ్ పేపరు అంటించి, కర్ల్యూని పెన్సిలుతో ఎత్తి రాసుకోవడం కాలక్షేపం. సీరియల్ మొదట్లో పేర్లు పడేటప్పుడు నౌక అడ్డంగా సాగిపోతుంది. అప్పుడు ఒకే ఒక్క కిటికీలో వెలుతురు, ఆ వెలుతుర్లో బియ్యపు గింజంత మనిషి నీడ కనిపిస్తాయి. ఆ మనిషి ఆరడుగులు ఉంటాడనుకుని కొలిస్తే నౌక రెండు వందల పన్నెండు మీటర్లు తేలింది. ఆ లెక్క మీద పద్నాలుగు పెద్ద షీట్లు గీశాడు రస్సెల్. నలభై మందికి నలభై గదులు, ప్రతి గదిలో ఒక మంచం, ఒక దీపం, ఒక కుర్చీ. ఈ రోజు ఈ అభిమానుల సంఘం సరేనంటే అవి పుస్తకంగా అచ్చవుతాయి.

సరిగ్గా అప్పుడు వెనక వరసలో లేచిందావిడ. ఆకుపచ్చ కోటు, మెడలో వేలాడుతున్న కొలత టేపు. అది తీయడం మర్చిపోయి రైలెక్కేసినట్టుంది.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు రస్సెల్, వీలైనంత మర్యాదగా.

"భుజాలు చూసి. నిలబడ్డ మనిషికి భుజాల వెడల్పు ఎత్తులో నాలుగో వంతు ఉంటుంది. ఈయనకి మూడో వంతుంది."

"కాస్త లావుపాటి మనిషేమో."

"మరి తల కూడా లావెక్కిందంటారా?"

హాలంతా నవ్వింది. రస్సెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. కూర్చున్న మనిషి నేల మీంచి నాలుగున్నర అడుగులే ఉంటాడని, ఆ లెక్కన నౌక పొడవు నాలుగింట మూడు వంతులకి దిగి నూట యాభై తొమ్మిది మీటర్లే అవుతుందని, ముందే లెక్క వేసుకున్న కాగితం చేతి సంచీలోంచి తీసి చూసి చెప్పింది.

సంఘం అధ్యక్షుడు బెర్నార్డ్ తగవులంటే భయపడే మనిషి. ఈస్టరుకి మళ్ళీ కలుస్తాం కదా, ఈలోగా మీరిద్దరూ మాట్లాడుకుని ఒక అంకె తేల్చండి, అదే అచ్చు వేద్దాం అనేసి బిస్కెట్ల పళ్ళెం అందుకున్నాడు.

తిరుగు రైల్లో ఇద్దరూ ఒకే పెట్టె ఎక్కారు. వేరే పెట్టె ఎక్కుదామనుకున్నాడు రస్సెల్, కానీ వాన అంతదాకా నడవనివ్వలేదు. ఆవిడ పేరు హెస్టర్ లాంగ్డెన్ అని, లాంకాస్టర్ నాటకశాలలో దుస్తులు కుడుతుందని ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది. నాకు ఓడల సంగతి తెలియదు, మనుషుల కొలతలు తెలుసు, రాజు వేషం వేసేవాడైనా బంటు వేషం వేసేవాడైనా టేపు కింద ఒకటే అంది. చిన్నప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నాక ఆ సీరియల్ చప్పుడు లేకుండా పెట్టుకుని చూసేదాన్నని, అందుకే తనకి మాటల కంటే మనుషుల ఆకారాలే గుర్తున్నాయని కూడా చెప్పింది.

లాంకాస్టర్లో ఆవిడ దిగిపోయింది. దిగేముందు చిరునామా రాసిచ్చింది. బారో ఇంకా గంట ప్రయాణం. పెట్టెలో తను తప్ప ఎవరూ లేరని రస్సెల్‌కి అప్పుడు తెలిసింది. వచ్చేటప్పుడూ ఖాళీగానే వచ్చాడు కానీ, అప్పుడు తెలియలేదు.

అతను బారోని ఆనుకుని ఉన్న వాల్నీ దీవిలో మిసెస్ డాక్రే ఇంట్లో పై వాటాలో అద్దెకుంటాడు. పనిచేసే చోట తొమ్మిది వందల మంది. గొట్టం వ్యాసం ఎంత అని అడిగేవాళ్ళే గాని, ఆదివారం ఏం చేశావు అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. అడిగితే ఏం చెప్పాలో తనకీ తెలియదు. ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉంటే గొంతుకి తుప్పు పడుతుంది. మంచితనానికి లోటుండదు, మాటే బయటికి రాదు.

అలాంటివాడు ఆ వారం మూడు పేజీల ఉత్తరం రాశాడు. ఆవిడ లెక్కలో మూడు తప్పులు పట్టాడు. నాలుగో రోజుకే జవాబొచ్చింది. ఆవిడ అతని తప్పుల్లో నాలుగు తప్పులు పట్టింది. "తమరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు అర్థమైంది. నాలుగో కాలు కళ్ళారా చూడాలనుంటే శనివారం ఆర్న్‌సైడ్ రండి. ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. స్టేషన్ ఎదురుగా టీ కొట్టుంది" అని కింద రాసింది.

డిసెంబరు మొదటి శనివారం వెళ్ళాడు. కిటికీ అవతల సముద్రం వెనక్కి పోయి మైళ్ళ కొద్దీ తడి ఇసుక మెరుస్తోంది. దాని మీద నిజం కర్ల్యూలు, నౌకకి పేరిచ్చిన పొడుగు ముక్కు పిట్టలు, ఒక్కొక్కటీ విడివిడిగా తిరుగుతూ, ఎవరినో పిలుస్తున్నట్టు అరుస్తున్నాయి. హెస్టర్ టీ కూడా రాకముందే టేపు తీసింది.

"లేవండి."

"ఇక్కడా?"

"మీ లావుపాటి మనిషిని ఎక్కడ కొలవమంటారు మరి?"

అతను లేచాడు. టేపు ఒక భుజం మీంచి రెండో భుజానికి సాగింది. ఆవిడ వేళ్ళు కోటు మీదే ఉన్నాయి, అయినా రస్సెల్ ఊపిరి బిగపట్టాడు. ఎత్తు కొలిచింది. కూర్చోబెట్టి మళ్ళీ కొలిచింది. నిలబడితే నాలుగో వంతు, కూర్చుంటే మూడో వంతు, వెంట్రుకవాసి తేడా లేదు. పక్క బల్ల దగ్గర ముసలాయన కేకు తినడం ఆపి చూస్తున్నాడు. పెళ్ళి కోటుకా అని అడిగాడాయన. కాదండీ, అంతరిక్ష నౌకకి అంది హెస్టర్. ఆయన తల ఊపి మళ్ళీ కేకులో పడ్డాడు.

రస్సెల్‌కి ఆ క్షణమే లోపల నమ్మకం కుదిరింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు. ఒక్క మనిషి సాక్ష్యం చాలదన్నాడు. సరే, వచ్చే శనివారం ఇంకొకరిని కొలుద్దాం అంది ఆవిడ.

అలా శనివారాలు మొదలయ్యాయి. ఒకసారి అతను షీట్లు పట్టుకొచ్చి పరిచాడు. హెస్టర్ చాలాసేపు చూసి, నలభై మందికి నలభై గదులేంటండీ అంది.

"ఎవరి గది వాళ్ళకుంటే మంచిదే కదా?"

"దారి తప్పినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో తలుపేసుకుని కూర్చుంటే ఎట్లా బతుకుతారు?"

ఆ గదులన్నీ వాల్నీలో తన పై వాటా గదిలాగే ఉన్నాయని రస్సెల్‌కి అంతవరకూ తట్టలేదు. అదే మంచం, అదే దీపం, అదే ఒక్క కుర్చీ.

జనవరిలో ఒక ఉత్తరం వచ్చింది. నౌక నమూనా బొమ్మ చేసిన విల్‌ఫ్రెడ్ ఇన్స్ అనే పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడని తెలిసి రస్సెల్ నవంబరు సమావేశం కాగానే, ఆ మనిషి నిలబడ్డాడా కూర్చున్నాడా అని ఆయనకి రాశాడు. వణికే చేత్తో ఆయన జవాబిచ్చాడు. కిటికీలో పెట్టింది రైలు బొమ్మల దుకాణంలో కొన్న ప్రయాణికుడి బొమ్మ. నిలబడ్డ బొమ్మలు అయిపోయాయి, కూర్చున్నవే మిగిలాయి, తెరమీద ఎవడు చూస్తాడులే అని అదే అంటించాను అని రాశాడు.

అయిపోయింది. నూట యాభై తొమ్మిది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు.

తొమ్మిదేళ్ళ పని తప్పని తేలితే మనిషికి గుండె పగలాలి. రస్సెల్‌కి పగల్లేదు. అతని భయం వేరు. అంకె తేలిపోతే ఇక ఉత్తరాలు దేనికి? ఆర్న్‌సైడ్ దేనికి? వచ్చే శనివారం తను ఎక్కడికి వెళ్ళాలి? ఆవిడ వస్తోంది కిటికీలో మనిషి కోసం గాని తన కోసం కాదు కదా అనుకున్నాడు. ఉత్తరం మడిచి సొరుగులో పెట్టేశాడు.

ఆ తర్వాత అతను వాదించిన వాదనలు అంతా ఇంతా కాదు. టీవీ అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి భుజాలు వెడల్పుగా కనిపిస్తాయన్నాడు. చంకలో ఏదో పట్టుకుని ఉంటాడన్నాడు. ఒక శనివారం ఏకంగా ఆ మనిషి దిండు కట్టుకున్నాడేమో అన్నాడు. హెస్టర్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇంత మొండివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు అంటూనే రెండో కెటిల్ టీ చెప్పింది. అబద్ధం ఆడుతూ అంత సంతోషపడ్డ మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. రైల్లో ఒక్కడే తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ సంతోషం ముల్లులా గుచ్చుకునేది.

మార్చి చివర్లో ఆవిడ ఉత్తరం వచ్చింది. ఈసారి చాలా చిన్నది.

"ఇన్స్ గారికి నేనూ రాశాను. జనవరిలోనే బారో అబ్బాయికి చెప్పానే, మీకు చెప్పలేదా అని అడిగారు. ఓడిపోవడం ఇష్టం లేకపోతే ఆ మాటే అనుండాల్సింది. తొమ్మిది శనివారాలు నన్నెందుకు ఆడించారు?"

రస్సెల్ మూడు ఉత్తరాలు రాశాడు. దేనికీ జవాబు లేదు. రెండు శనివారాలు ఆర్న్‌సైడ్ వెళ్ళాడు. టీ కొట్టావిడ అలవాటుగా రెండు కప్పులు తెచ్చి, అతని మొహం చూసి ఒకటి వెనక్కి తీసుకెళ్ళింది. అవతల ఇసుక మీద పిట్టలు అలాగే అరుస్తున్నాయి.

మిసెస్ డాక్రే చూసీ చూసీ ఒక సాయంత్రం అతన్ని కింది వాటాలోకి పిలిచి, సూపు గిన్నె ముందు పెట్టి కూర్చోబెట్టింది. ఆవిడకి డెబ్బై ఏళ్ళు, ఏదీ కడుపులో దాచుకోదు.

"మూడు ఉత్తరాలు రాశావు గదా నాయనా. ఏం రాశావు?"

"తప్పు నాదేనని. నూట యాభై తొమ్మిదే సరైనదని. కొత్త బొమ్మలు కూడా గీసి పంపాను."

"ఎందుకు దాచావో రాశావా?"

అతను చెంచా కింద పెట్టాడు.

"లేదు."

"మరి మూడు ఉత్తరాల నిండా ఏముందయ్యా?"

"కొలతలు."

మిసెస్ డాక్రే గరిటెతో ఇంకాస్త సూపు వేసింది. మా ఆయన కూడా ఇంతే, పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి వచ్చి మా ఇంటి గుమ్మం వంకర సరిచేసి పోయాడు, మూడోసారి వచ్చినప్పుడు నేనే అడిగాను అంది. అందరూ నాలాగా అడగరు, తిను, చల్లారిపోతోంది అంది.

ఈస్టరు సమావేశానికి వాన మామూలే. అదే హాలు, అవే కప్పులు. వెనక వరసలో ఆకుపచ్చ కోటు లేదు. రస్సెల్ ప్రతి కుర్చీ రెండుసార్లు చూశాడు. రాదు, ఎందుకొస్తుంది అనుకున్నాడు. అంకె చెప్పేసి కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. పుస్తకం అచ్చవుతుంది. తను వాల్నీకి వెళ్ళిపోతాడు. మళ్ళీ తొమ్మిదేళ్ళు గడిచిపోతాయి.

"నూట యాభై తొమ్మిది మీటర్లు. మిస్ లాంగ్డెన్ మొదటి రోజే చెప్పింది నిజం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బెర్నార్డ్ ఊపిరి పీల్చుకుని లేవబోయాడు.

"ఇంకొకటి ఉంది" అన్నాడు రస్సెల్. "నాకు జనవరిలోనే తెలుసు. బొమ్మ చేసినాయన రాశారు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడకీ చెప్పలేదు."

ఈ మనుషుల మధ్య కొలత దాచడం కంటే పెద్ద పాపం లేదు.

"ఎందుకయ్యా అలా చేశావు?" అన్నాడు బెర్నార్డ్, నిజంగానే అర్థంకాక.

"తేలిపోతే ఆవిడ రావడం మానేస్తుందని. నాకు శనివారాలు కావాలి. నౌక ఎంతున్నా ఫర్వాలేదు. వారం పొడుగునా నాకు అదొక్కటే ఉండేది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పడం చేతకాలేదు." అతను బెత్తం బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు ఆవిడ లేనప్పుడు చెబుతున్నాను. ఇందులోనూ ఆలస్యమే."

"నాదొక సందేహం."

అందరి తలలూ తిరిగాయి. తలుపు దగ్గర, తడిసి ముద్దైన ఆకుపచ్చ కోటులో హెస్టర్ చెయ్యెత్తి నిలబడి ఉంది. రైలు ఆలస్యమైందో, మనసు ఆలస్యమైందో, ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం నవంబరులో ఉన్నట్టే ఉంది.

"నూట యాభై తొమ్మిది మీటర్లలో నలభై గదులు పట్టవు. కొలిచారా?"

"కొలిచాను" అన్నాడు రస్సెల్. "ఇరవయ్యే పడతాయి."

"మరి నలభై మంది?"

"ఇద్దరిద్దరు సర్దుకోవాలి."

"పద్నాలుగు షీట్లూ మళ్ళీ గీయాలన్నమాట. ఎన్ని శనివారాలు పడుతుంది?"

అతను లెక్క వేయబోయాడు. అలవాటు చచ్చినా పోదు. ఆమె మొహం చూసి ఆపేశాడు.

"తెలీదు" అన్నాడు. "తొందరేం లేదు."

బెర్నార్డ్ పుస్తకం అచ్చు నిరవధికంగా వాయిదా వేసినట్టు ప్రకటించాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ రోజు బిస్కెట్లు మిగల్లేదు.

సాయంత్రం రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. హెస్టర్ చేతి సంచీలోంచి అగ్గిపెట్టె తీసి అతని అరచేతిలో పెట్టింది. లోపల దూది మీద ఒక చిన్న స్త్రీ బొమ్మ ఉంది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, సగం బెంచీ మీద కూర్చుని ఉంది. బెంచీ ఒక చివర కోసేసి ఉంది.

"ఇన్స్ గారు పంపారు" అంది. "అసలు ఆ ప్యాకెట్లో ఇద్దరూ ఒకే బెంచీ మీద ఉన్నారట. కిటికీలో ఒక్కరే పట్టారని ఈవిణ్ణి కోసి పక్కన పెట్టారట. ఇరవై ఏళ్ళు సొరుగులో ఉంది."

రస్సెల్ ఆ బొమ్మని వెలుతురుకి ఎత్తి చూశాడు. తొమ్మిదేళ్ళు తను రోజూ చూసిన మనిషి పక్కన ఒకరుండేవారని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నన్ను క్షమించావా?" అన్నాడు.

"దిండు కట్టుకున్నాడన్నావు చూడు, దానికి మాత్రం ఇంకా లేదు."

కిటికీ మీద వాన ఏటవాలుగా జారుతోంది. లాంకాస్టర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగుతున్నారు. రస్సెల్ ఆమె సంచీ అందివ్వడానికి లేచాడు.

"మీ ఊరు వచ్చింది" అన్నాడు.

హెస్టర్ కదల్లేదు. తలుపులు మూసుకున్నాయి. రైలు ఆర్న్‌సైడ్ వైపు కదిలింది.

"నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అంది ఆమె. "సరిగ్గా చూడు. కూర్చున్నాను."